పాత కార్బురేటరు ఖరీదెంత?

తెలుగు పాఠం చెప్పుకొనే అధ్యాపకుడు కళాశాల సంచికకు వ్యాసం ఇస్తున్నాడంటే, అది ఏ ప్రబంధంలోని వర్ణనను గురించో, ఏ శతకకవి లోకజ్ఞతను గురించో అయివుంటుందని పాఠకులు భావించడం సహజం. ఈసారి నేను మోటారు సైకిలు కార్బురేటరును గురించి వ్రాస్తున్నాను. అదీ క్రొత్తది కాదు. ఎవరో వాడి విడిచిన పాతది. యంత్రశాస్త్రం చదివిన మిత్రులు ఇది విని నవ్వవచ్చు. సాహిత్య మిత్రులు నొచ్చుకోవచ్చు. ఉభయులకూ నా మనవి ఒక్కటే. గుప్పిట్లో ఇమిడే ఆ లోహపు ముద్ద నాకు రెండు పాఠాలు నేర్పింది. యంత్రానికి బలం చేకూర్చదలచినవాడు ముందు దాని కొలత తెలుసుకోవాలనేది మొదటిది. వాడిన వస్తువును అమ్మేవాడు దానిలోని లోపాన్ని తానై నోరు తెరచి చెప్పాలనేది రెండవది. మొదటి పాఠం నేర్చుకోవడానికి మా అమ్మ చేయి విరిగింది. రెండవ దాని సంగతి చివర మనవి చేస్తాను.

మాది ఆత్రేయపురం. ఆ పేరు వినగానే అందరికీ స్ఫురించేది పూతరేకులు. 2023లో ఆ తీపికి భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. కాని చిన్ననాటి నుండి నా చెవికి పరిచయమైనది మరొకటి ఉంది. అది కాలువగట్టు మీదుగా సాయంవేళ వచ్చే బుల్లెట్టు చప్పుడు. మా నాన్నగారు కొబ్బరి వర్తకం చేసేవారు. అంబాజీపేట మార్కెట్టుకు, రావులపాలేనికి, ఒక్కొక్కప్పుడు గోదావరి దాటి రాజమహేంద్రవరానికి ఆ బండి మీదనే వెళ్ళేవారు. ఇంగ్లండు దేశపు ఎన్‌ఫీల్డు సంస్థతో 1955లో మద్రాసు మోటార్స్ వారు కలిసి మన దేశంలో తయారు చేయనారంభించిన ఆ బండి, పుట్టిన దేశంలో కనుమరుగైన తరువాత కూడా మన తీరంలో బ్రతికింది. మా నాన్నగారు 2016లో పరమపదించారు. ఆయన వదలి వెళ్ళిన ఆస్తిలో నాకు అన్నింటికన్న ఎక్కువ మమకారం కలిగించినది ఆ బుల్లెట్టే.

దాని ఇంజను 346 సి.సి. శక్తి 18 గుర్రాలు. దానికి కంపెనీ వారు అమర్చినది 24 మిల్లీమీటర్ల మిక్కార్బు కార్బురేటరు. ఈ అంకెలన్నీ నాకు తరువాత తెలిసినవి. అప్పట్లో తెలిసినదల్లా, వంతెన ఎక్కేటప్పుడు బండి ఆయాసపడుతున్నదని మాత్రమే. స్నేహితులు సలహా చెప్పారు. 500 సి.సి. బుల్లెట్టుకు 28 మిల్లీమీటర్ల కార్బురేటరు ఉంటుందట. అది పాతది ఒకటి సంపాదించి తగిలిస్తే బండికి రెక్కలు వస్తాయట. ఈ సలహా నాకు ఒక్కడికే లభించినది కాదు. పాత బుల్లెట్లు ఉన్న ప్రతి పట్టణంలోనూ చెట్టు క్రింద మెకానిక్కుల వద్ద నేటికీ వినిపించే సలహా ఇది.

ఒక సెలవు రోజున పట్టణంలోని పాత సామాన్ల దుకాణానికి వెళ్ళాను. గోనె సంచి మీద పోసిన ఇనుములో నుండి దుకాణదారు ఒక కార్బురేటరు తీసి, గుడ్డతో తుడిచి, కిరసనాయిలు వాసన వచ్చే చేతితో నా చేతిలో పెట్టాడు. పైకి తళతళలాడుతున్నది. మూడు వేలు చెప్పాడు. రెండు వేలకు బేరం తెగింది. వెయ్యి రూపాయలు తగ్గించగలిగానన్న ఆనందంలో దానిని విప్పి చూడలేదు. ఏ బండిలో నుండి వచ్చిందో అడగలేదు. రసీదు ఊసే ఎత్తలేదు. చదువుకున్నవాణ్ణి, పైగా విద్యార్థులకు వివేకాన్ని గురించి ప్రసంగించేవాణ్ణి!

మా ఊరి మెకానిక్కు దానిని అటూ ఇటూ త్రిప్పి చూసి, "మేస్టారూ, దీని మూతి పెద్దదండి. మన ఇంజను నోరు చిన్నదండి. రెంటికీ పొత్తు కుదరదండి" అన్నాడు. నేను పట్టు పట్టాను. అతడు చేసేది లేక మధ్యలో ఒక ముక్క అమర్చి, ప్యాకింగు వేసి బిగించాడు. రెండు వారాలపాటు బండి బాగానే నడిచినట్లు తోచింది. త్రిప్పగానే ముందుకు దూకబోయి, ఒక్క క్షణం తటపటాయించి, ఆ తరువాత అందుకొనేది. ఆ తటపటాయింపే ఇంజను నాకు చేసిన హెచ్చరిక అని అప్పట్లో గ్రహించలేదు.

అది 2022వ సంవత్సరం, వేసవి. అమ్మను వెనుక కూర్చోబెట్టుకొని రావులపాలెం ఆసుపత్రికి బయలుదేరాను. లొల్ల దాటిన తరువాత రోడ్డు ఖాళీగా ఉండడం చూసి వేగం పెంచాను. కొంతదూరం పోయేసరికి ఇంజను శబ్దం మారింది. నేను చేయి తగ్గించేలోగా వెనుక చక్రం బిగుసుకొనిపోయింది. బండి జారి ఇద్దరం గట్టు మీద పడ్డాం. మరి రెండు బారల అవతల కాలువ నిండుగా పారుతున్నది. అమ్మ కుడిచేతి మణికట్టు విరిగింది. ఇంజను విప్పి చూస్తే పిస్టను సిలిండరును కరచిపట్టుకొని ఉంది. స్పార్కు ప్లగ్గు మొన సున్నంలా తెల్లగా ఉంది.

ఎందుకిలా జరిగింది? ఈ ప్రశ్నకు సమాధానం వెదకడానికి నాకు కొన్ని మాసాలు పట్టింది. సమాధానం మాత్రం మా ఊరి కాలువలోనే కనిపించింది. ధవళేశ్వరం ఆనకట్ట నిర్మాణం 1847లో ప్రారంభమై 1852లో పూర్తయినది మొదలు, మా ప్రాంతపు రైతుకు లాకు, తూము, బోదె అనే మాటలు ఉగ్గుపాలతో వచ్చినవే. లొల్ల లాకుల వద్ద కాలువ పాయలుగా చీలి కోనసీమలోకి వెళుతుంది. ఏ పాయకు ఎంత నీరు, ఏ తూముకు ఎంత కన్నం అన్నది లెక్క ప్రకారం జరిగే పని. కార్బురేటరు కూడా ఒక చిన్న లాకు వంటిదే. క్రింద ఉన్న చిన్న తొట్టెలో పెట్రోలు ఎల్లప్పుడూ ఒకే మట్టంలో నిలిచి ఉంటుంది. మట్టం పెరిగితే తేలే బుడ్డి లేచి దారి మూస్తుంది. తగ్గితే దిగి తెరుస్తుంది. ఆ తొట్టెలో నుండి పెట్రోలు పైకి వచ్చే సన్నని ఇత్తడి తూమునే జెట్టు అంటారు.

ఇక పెట్రోలును పైకి లాగేది ఎవరు? గాలి. ఇరుకైన చోట ప్రవాహానికి వేగం హెచ్చుతుంది, ఒత్తిడి తగ్గుతుంది. ఇటలీ దేశపు శాస్త్రజ్ఞుడు వెంచూరి పేరుతో ప్రసిద్ధమైన సూత్రం ఇది. ఆ తగ్గిన ఒత్తిడి వలననే జెట్టులో నుండి పెట్రోలు తుంపరగా లేచి గాలిలో కలుస్తుంది. 1893 ప్రాంతంలో జర్మనీలో మైబాక్, హంగరీలో బాంకి, చొంకా అనే ఇద్దరు ఈ తుంపర పద్ధతిని వేర్వేరుగా రూపొందించారు. అప్పటి నుండి సుమారు నూరేళ్ళపాటు ప్రపంచంలోని మోటారు బండ్లలో అత్యధిక భాగం ఈ పద్ధతి మీదనే నడిచాయి.

ఇప్పుడు నా పెద్ద కార్బురేటరు సంగతి చూడండి. 24 మిల్లీమీటర్ల కన్నం కన్న 28 మిల్లీమీటర్ల కన్నం చూపునకు నాలుగు మిల్లీమీటర్లే పెద్దది. వైశాల్యంలో మాత్రం 36 శాతం పెద్దది. ఇంజను పీల్చే గాలి మాత్రం మునుపటి 346 సి.సి.కి తగినంతే. కాలువ వెడల్పు చేసి నీరు పెంచకపోతే ఏమవుతుంది? ఒరవడి మందగిస్తుంది. ఇక్కడా అంతే. గాలి వేగం తగ్గింది. పెట్రోలును లాగే బలం తగ్గింది. త్రిప్పగానే ఇంజను తటపటాయించడానికి కారణం అదే. మూతులు పొత్తు కుదరని చోట ప్యాకింగు ప్రక్క నుండి దొంగగాలి దూరింది. అన్నిటికీ మించి, ఆ కార్బురేటరులోని మెయిన్ జెట్టు దానికి సహజమైనది కాదు. ఎవరో పెట్రోలు ఆదా చేయదలచి చిన్న అంకె గల జెట్టు బిగించి ఉంచారు. ఫలితంగా గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ అయింది. శివారు భూమికి నీరందని పంట వలె నా ఇంజను మాడింది.

నీటితో చల్లబడే ఇంజనుకు ఇట్టి పొరపాటు జరిగితే కొంత ఓర్చుకొంటుంది. చుట్టూ తిరిగే నీరు వేడిని మోసుకొనిపోయి రేడియేటరులో వదలుతుంది. గాలితో చల్లబడే ఇంజనుకు అట్టి ఆసరా లేదు. దానికి ఉన్నవి వంటి మీది రెక్కలు, లోపలి నూనె, ఎదురుగాలి, వీటితోపాటు లోపలికి వచ్చే పెట్రోలు తుంపర చల్లదనం. ఆ తుంపర తగ్గితే మంట వేడి హెచ్చుతుంది. అల్యూమినియం పిస్టను వ్యాకోచం పోత ఇనుప సిలిండరు వ్యాకోచానికి సుమారు రెట్టింపు. పిస్టను ఉబ్బుతుంది, దానికి చోటిచ్చేంతగా సిలిండరు ఉబ్బదు. చివరకు రెండూ పట్టేస్తాయి. మా ఊరిలో పూతరేకులు తీసే తల్లులకు ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు. బోర్లించిన కుండ వేడి ఒక పిసరు తగ్గితే రేకు లేవదు. ఒక పిసరు హెచ్చితే మాడిపోతుంది. కుండకు ఎంత సెగ కావాలో వారి చేతికి తెలుసు. నా ఇంజనుకు ఎంత కావాలో నాకు తెలియదు. తేడా అంతే.

ఈ తొందరపాటు మన దేశానికే ప్రత్యేకమా అంటే, కాదు. జర్మనీ దేశపు ఫోక్స్‌వాగన్ సంస్థ 1950లో తయారీ మొదలుపెట్టిన ఒక వ్యాను ఉంది. ఇంజను వెనుక భాగంలో ఉంటుంది. దానిని చల్లబరచేది నీరు కాదు, ఫ్యాను గాలి. లోపల మంచం, పొయ్యి అమర్చుకొని సంచారగృహంగా వాడుకొనే అలవాటు ఐరోపాలోనూ, అమెరికాలోనూ ప్రబలింది. 1960, 70 దశాబ్దాలలో పాశ్చాత్య యువకులు అట్టి వ్యానులలోనే టర్కీ, ఇరాన్, ఆఫ్ఘనిస్తాన్‌ల మీదుగా మన దేశానికి వచ్చేవారు. 1979లో ఇరాన్ విప్లవం, ఆ సంవత్సరాంతంలో ఆఫ్ఘనిస్తాన్‌లో సోవియట్ సేనల ప్రవేశం ఆ మార్గాన్ని మూసివేశాయి. ఆ వ్యానులను మాత్రం నేటికీ అనేక దేశాలలో ప్రాణప్రదంగా పోషించుకొనేవారు ఉన్నారు.

వారికీ నా వంటి ఆశే. 1,600 సి.సి. ఇంజనుకు మధ్యలో ఒకే ఒక్క సోలెక్స్ కార్బురేటరు ఉంటుంది. అది పొడవైన గొట్టాల ద్వారా రెండు ప్రక్కలకూ మిశ్రమాన్ని పంపాలి. దానిని తీసివేసి, ప్రక్కకు ఒకటి చొప్పున వెబర్ జంటనో, డెల్లార్టో జంటనో, బ్రెజిల్ దేశపు సోలెక్స్ జంటనో పాతవి కొని అమర్చుకొంటారు. ఇందులో న్యాయం లేకపోలేదు. దారి దగ్గరవుతుంది, నాలుగు సిలిండర్లకూ పెట్రోలు సమంగా అందే అవకాశం హెచ్చుతుంది. అయితే కంపెనీవారు స్వయంగా చేసిన మార్పును గమనించండి. 1972 నమూనాలో వారు జంట కార్బురేటర్లు పెట్టినప్పుడు, వాటి క్రింద ఇంజనునే మార్చి 1,700 సి.సి. తరగతికి పెంచారు. అంత చేసినా శక్తి సుమారు 50 గుర్రాల నుండి 66 గుర్రాలకు మాత్రమే పెరిగింది. పాత ఇంజను మీద పాత జంటను తగిలించి అంతకన్న అద్భుతాన్ని ఆశించడం, బోదెకు తూము మార్చి గోదావరిని ఆశించడం వంటిది.

జంట కొనడంలో మరో చిక్కు కూడా ఉంది. ఎడమది ఒక బండి నుండి, కుడిది మరో బండి నుండి వచ్చినవి కావచ్చు. లోపలి జెట్లు వేరు కావచ్చు. కలిపి లాగే కడ్డీలు లోపించి ఉండవచ్చు. త్రాటిలు ఇరుసు అరిగి కదులుతూ ఉంటే, అక్కడి నుండి దొంగగాలి దూరుతూనే ఉంటుంది. రెండూ ఒకే మోతాదులో గాలి పీల్చేటట్లు సరిచూడనిదే ఒక ప్రక్క సిలిండర్లు కష్టపడతాయి, మరో ప్రక్కవి బరువుగా మారుతాయి. బుల్లెట్టుకు ఒకటే కార్బురేటరు గనుక నాకు ఆ బాధ తప్పింది. ఒక్కదానినే చూసుకోలేనివాడు రెండింటిని ఏమి చూసుకొంటాడు?

ఇటీవలి కాలంలో ఈ సమస్యకు మరో కొస తోడయింది. మన పెట్రోలులో ఇథనాల్ పాలు క్రమంగా పెంచి, 2025 నాటికి దేశంలో 20 శాతానికి చేర్చారు. విదేశీ చమురు మీద ఆధారపడటం తగ్గించడానికి ఉద్దేశించిన ఆ విధానాన్ని నేను ఆక్షేపించడం లేదు. పాత బండి గలవాడు లెక్క తెలుసుకోవాలని మాత్రమే నా కోరిక. శుద్ధమైన పెట్రోలు ఒక పాలు పూర్తిగా కాలడానికి సుమారు 14.7 పాళ్ళ గాలి కావాలి. ఇథనాల్‌కు 9 పాళ్ళు చాలు, దానిలోనే ప్రాణవాయువు ఉన్నది గనుక. 20 శాతం కలిసిన ఇంధనానికి సుమారు 13.5 పాళ్ళు చాలు. అంటే పాత జెట్టును అలాగే ఉంచితే మిశ్రమం తనంతట తానే సుమారు 8 శాతం పలుచబడుతుంది. మునుపే అంచు మీద నడుస్తున్న ఇంజనును ఇది మరికొంత లోతుకు నెడుతుంది. పైగా ఇథనాల్ నీటిని పీల్చుకొంటుంది; పాత రబ్బరు భాగాలను పాడు చేస్తుంది. గాలిలోనే తేమ ఉండే కోనసీమలో నెలల తరబడి నిలిపిన బండి తొట్టెలో ఏమి పేరుకొంటుందో విప్పి చూసినవారికి తెలుసు. ఇది క్రొత్త సంగతి కూడా కాదు. చెరకు సారాయితో కార్లు నడిపే పథకాన్ని 1975లోనే చేపట్టిన బ్రెజిల్‌లో, ఆ ఇంధనానికి నడిచే కార్బురేటర్లకు పెద్ద జెట్లు పెట్టారు. ఇంధనం మారితే తూము మారాలన్న సూత్రాన్ని వారు ఆనాడే పాటించారు.

ఇంతవరకు చదివినవారు, "పాత కార్బురేటరు కొనవద్దని మీ అభిప్రాయమా?" అని అడగవచ్చు. కానే కాదు. 2020 ఏప్రిల్ 1 నుండి భారత్ స్టేజ్ 6 నియమాలు అమలులోకి వచ్చిన తరువాత, క్రొత్త మోటారు సైకిళ్ళలో కార్బురేటరు దాదాపు కనుమరుగై ఇంధన ఇంజెక్షను వచ్చింది. బుల్లెట్టుకు కూడా అదే జరిగింది. ఇక పాత బండ్లు బ్రతకాలంటే పాత భాగాలే గతి. క్రొత్తదని చెప్పి అమ్మే నకిలీ సరుకు కన్న, అరుగుదల తక్కువగా ఉన్న అసలు సరుకు వేయి రెట్లు మేలు. పాత సామాన్ల దుకాణాలు లేకపోతే సామాన్యుని వాహనం ఏనాడో తుక్కు అయ్యేది. ఆ వర్తకాన్ని చులకన చేసేవారితో నేను ఏకీభవించను. కొనాలి; అయితే తెలిసి కొనాలి. ఇదే నా అభిప్రాయం.

తెలిసి కొనడం అంటే ఏమిటి? అది పెద్ద విద్య కాదు. మొదట మీ బండికి ఉన్న కార్బురేటరునే విప్పి, శుభ్రపరచి, అరిగిన సూది, జెట్టు, ప్యాకింగు మార్చి చూడండి. బలం పోయిందని మనం అనుకొనే బండ్లలో చాలావాటికి ఆ మరమ్మతే చాలు. అప్పటికీ కొనవలసి వస్తే, ముందు మీ ఇంజనుకు తగిన కొలత, జెట్ల అంకెలు కాగితం మీద వ్రాసుకొని బయలుదేరండి. దుకాణంలో మూత విప్పించి చూడండి. లోపల పైకీ క్రిందికీ ఆడే స్లైడును వ్రేలితో కదిపితే గడగడలాడకూడదు. ఫ్లోటును చెవి దగ్గర ఊపండి. లోపల పెట్రోలు చప్పుడైతే అది చిల్లుపడినది. ఇంజనుకు ఆనే ముఖాన్ని అద్దం పలక మీద బోర్లించండి. ఊగితే అది వంకరపోయినది, దొంగగాలికి ద్వారం. జెట్టు మీది అంకె చదవండి. తీగ పెట్టి కెలికిన జెట్టుకు అంకె ఉన్నా అబద్ధమే గనుక, దానిని తీసివేసి క్రొత్తది వేసుకోండి. మరలు తిరిగే చోట గాడి చెడలేదని చూడండి. ఏ బండిది, ఎంత సి.సి.ది అని అడగండి. బిగించిన తరువాత కొన్ని కిలోమీటర్లు నిదానంగా నడిపి ప్లగ్గు తీసి చూడండి. మొన ఇటుక రంగులో ఉంటే క్షేమం, మసిబారితే పెట్రోలు ఎక్కువ, తెల్లబడితే ప్రమాదం. ఈ పరీక్షలన్నింటికీ అరగంట కన్న ఎక్కువ పట్టదు. నేను ఆ అరగంటను ఆదా చేసుకొన్నాను.

ఇక రెండవ పాఠం. ఉర్దూ, తెలుగు రెండూ చదివే మన విద్యార్థులకు ఒక మాట చూపించాలి. అంగడిలో మనం వాడే మాటలలో మరమ్మతు, అసలు, నకిలీ, రసీదు వంటివి ఎన్నో ఉర్దూ నుండి మనకు వచ్చినవే. 'ఖరీదు' కూడా అట్టిదే. అయితే ఉర్దూలో 'ఖరీద్' అంటే కొనడం అనే క్రియ. తెలుగులోకి వచ్చి అది వెల అనే అర్థంలో స్థిరపడింది. మాటలు అర్థం మార్చుకోవడం భాషాశాస్త్రంలో సామాన్యమే. కాని నా అనుభవం తరువాత ఈ మార్పు నన్ను ఆలోచింపజేసింది. కొనడం అంటే అడగడం, చూడడం, చెప్పడం, ఒప్పుకోవడం కలిసిన వ్యవహారం. మనం దానిని వెల దగ్గరకు కుదించివేశాం. మూడు వేలా, రెండు వేలా అన్నది తేలగానే వ్యవహారం ముగిసిందనుకొంటున్నాం. నేను ఆ దుకాణంలో చేసినది 'ఖరీదు' తేల్చడమే గాని, 'ఖరీద్' చేయడం కాదు.

ఇప్పుడు నా తప్పు చెప్పాలి. అమ్మ చేతికి కట్టు విప్పిన తరువాత, బండికి మళ్ళీ పాత 24 మిల్లీమీటర్ల కార్బురేటరునే బాగుచేయించి పెట్టాను. ఆ పెద్దది అటక మీద పడి ఉంది. కొన్ని నెలలకు మన కళాశాలలో చదివి వెళ్ళిన ఒక యువకుడు తన బుల్లెట్టుకు అటువంటిది వెదకుతున్నాడని తెలిసి, పిలిచి ఇచ్చాను. పదిహేను వందలు తీసుకొన్నాను. ముఖం వంకరగా ఉన్నదని గాని, జెట్టు సరైనది కాదని గాని, దానితో నా ఇంజను పట్టేసిందని గాని చెప్పలేదు. అతడు అడగలేదు. మాస్టారి వస్తువు కదా, అడగడం ఏమిటని ఊరుకొన్నాడు. అడిగితే చెప్పేవాడినే అని నాకు నేను సమాధానం చెప్పుకొన్నాను.

ఆ సాయంత్రం ఇంటికి వచ్చి పదిహేను వందలు వచ్చాయని అమ్మతో అన్నాను. ఆమె చదువుకొన్నది కాదు. విరిగి అతుకుకొన్న చేతిని ఒడిలో పెట్టుకొని, "ఐబు చెప్పే ఇచ్చావా, బేటా?" అని అడిగింది. మా ఇళ్ళలో ఐబు అంటే వస్తువులోని లోపం. నేను మాట్లాడలేదు. ఆమె మరేమీ అనలేదు. నన్ను మోసగించాడని నేను ఏ దుకాణదారును నెలల తరబడి తిట్టుకొన్నానో, ఇప్పుడు నాకూ అతనికీ భేదం ఏమిటి? భేదం ఉంది. అతడు నాకు అపరిచితుడు. నేను ఆ కుర్రవానికి గురువును.

మరునాడు ఉదయమే వెళ్ళి విషయం చెప్పి, డబ్బు తిరిగి ఇచ్చి, వస్తువు వెనక్కు తెచ్చుకొన్నాను. అతడు దానిని ఇంకా బిగించలేదు. నా గొప్పతనం చాటుకోవడానికి ఇది వ్రాయడం లేదు. ఒక్కరోజు ఆలస్యమై ఉంటే ఏ కాలువగట్టున ఏమి జరిగేదో అన్న తలపు నన్ను నేటికీ విడువలేదు.

చట్టం ఏమంటుంది? మన దేశపు 1930 నాటి వస్తు విక్రయ చట్టంలోని 16వ విభాగం సూత్రప్రాయంగా కొనేవాడే జాగ్రత్త పడాలంటుంది. కొన్ని సందర్భాలకు మాత్రం మినహాయింపులు ఇస్తుంది. ఇస్లామీయ ధర్మశాస్త్రంలో 'ఖియారుల్ ఐబ్' అనే సూత్రం ఉంది. అమ్మకం నాటికే ఉన్న లోపం కొన్నవానికి తెలియక, తరువాత బయటపడితే, ఆ వస్తువును తిరిగి ఇచ్చివేసే హక్కు అతనికి ఉంటుంది. ఈ రెండింటిలో ఏది గొప్పదన్న వాదం ఇక్కడ అప్రస్తుతం. ఒకటి కొనేవాని కళ్ళు తెరిపిస్తుంది; మరొకటి అమ్మేవాని నోరు తెరిపిస్తుంది. పాత కార్బురేటరు విషయంలో రెండూ కావాలి. ఎందుకంటే ఆ చిన్న వస్తువులో కంటికి కనిపించే లోపాలు కొన్ని, అమ్మేవానికి మాత్రమే తెలిసే లోపాలు కొన్ని ఉంటాయి.

"లోపం చెబితే కొనేదెవరు? పొట్ట గడిచేదెలా?" అని దుకాణదారులు అడుగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. కాని లోపం చెప్పిన వస్తువుకు కూడా వెల ఉంటుంది. 'ముఖం వంకర, సరిచేయించుకోవాలి, వెయ్యి రూపాయలు' అని ఆనాడు నాతో అని ఉంటే, నేను వెయ్యికి కొని సరిచేయించుకొనేవాణ్ణి. చెప్పని లోపం వలన అతనికి మరో వెయ్యి మిగిలింది. నాకు ఇంజను ఖర్చు, ఆసుపత్రి ఖర్చు, అమ్మ బాధ మిగిలాయి. ఆ వెయ్యికి ఇంత మూల్యమా? పైగా నేను మరలా ఆ దుకాణం మెట్టు ఎక్కలేదు. చెప్పి అమ్మిన దుకాణానికి మనిషి పది మందిని వెంటబెట్టుకొని వెళతాడు. మా ఊరి మెకానిక్కునే చూడండి. "పొత్తు కుదరదండి" అని ముఖం మీద చెప్పినవాడు అతడొక్కడే. అప్పుడు నేను వినలేదు గాని, నేడు నా బండి మీద అతనిది తప్ప మరొకరి చేయి పడనివ్వను.

విద్యార్థి మిత్రులారా! మీలో చాలామంది రేపు మొదటి జీతంతో పాత బండి కొంటారు, పాత భాగాలు కొంటారు, మీవి అమ్ముతారు. కొనేటప్పుడు మొగమాటం లేకుండా విప్పించి చూడండి. ఎంత చిన్న వస్తువైనా ఏ బండిది, ఏ కొలతది, ఏ లోపం ఉన్నది అని ఒక చీటీ మీద వ్రాయించుకోండి. అమ్మేటప్పుడు అదే చీటీ మీరే వ్రాసి ఇవ్వండి. ఎదుటివాడు అడగలేదు గదా అని ఊరుకోకండి. మనల్ని నమ్మినవాడు అడగడు, నమ్మనివాడే అడుగుతాడు. కనుక అడగనివానికే ముందుగా చెప్పవలసి ఉన్నది.

ఆ కార్బురేటరు ఇప్పటికీ నా వద్దనే ఉంది. సరిచేయించి, సరైన జెట్లు వేయించాను. 500 సి.సి. బుల్లెట్టు గలవారెవరైనా వస్తే ఇవ్వగలను. దాని వెల చెప్పేముందు దాని కథ చెబుతాను. వినే ఓపిక ఉంటేనే రండి.